పాల సూది కథ

ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఈ మధ్య ఒక మాట తప్పకుండా వినపడుతుంది. ఫలానా వాళ్లమ్మాయి పెద్దమనిషి అయిందట. ఎన్నో క్లాసు? ఐదు. అప్పుడేనా! ఆ వెంటనే ఎవరో ఒక పెద్దావిడ తీర్పు చెప్పేస్తారు. "పాలమ్మా, అంతా ఆ పాలే. గేదెలకి సూదులు పొడిచి పిండుతున్నారుగా. ఆ మందే పిల్లల ఒంట్లోకి పోతోంది." మా వెల్దుర్తిలోనూ ఇదే మాట, మాచర్లలోనూ ఇదే, హైదరాబాద్ అపార్టుమెంట్ల లిఫ్టుల్లోనూ ఇదే.

మాటతో పోతే ఊరుకోవచ్చు. కానీ ఈ మాట నమ్మి ఆడపిల్లకి పాలు మాన్పించేసిన ఇళ్లు నాకు తెలుసు. అదే గిన్నెలో పాలు మగపిల్లాడికి మాత్రం గ్లాసు నిండా పోస్తారు. వాడికేం కాదట! ఎముక గట్టిపడాల్సిన వయసులో, నెలనెలా రక్తం పోవడం మొదలయ్యే వయసులో, పిల్ల నోటి దగ్గర గ్లాసు తీసేస్తున్నాం. అంత పని చేసేముందు ఆ సూదిలో ఉన్నదేమిటో, అది గేదె ఒంట్లో ఏం చేస్తుందో, మన ఒంట్లో ఏమవుతుందో తెలుసుకోవద్దూ? అందుకే ఈ కథ చెబుతున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు మన భాషలో ఉన్న ఒక మంచి మాట గుర్తు చేస్తాను. చేపు. దూడ పొదుగులో నాలుగు కుమ్ములు కుమ్మగానే గేదె చేపుకొస్తుంది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న చన్నులు నిండి బిర్రుగా అవుతాయి. చేపు రాకముందు ఎంత లాగినా నాలుగు చుక్కలే. బాలింతకీ ఇదే మాట వాడతాం. పక్క గదిలో బిడ్డ ఏడిస్తే చాలు, రవిక తడిసిపోతుంది. చేపుకొచ్చింది అంటాం. గేదెకీ తల్లికీ ఒకే మాట పెట్టిన మన పూర్వీకులకి శాస్త్రం తెలియకపోవచ్చు గానీ, రెంటి వెనకా పని చేసేది ఒకటే అన్న సంగతి మాత్రం పట్టేశారు. ఆ ఒకటి పేరే ఆక్సిటోసిన్. మెదడు అడుగున వేలాడే పిట్యూటరీ గ్రంథిలోంచి రక్తంలోకి వదిలే హార్మోను. దూడ నోరు తగలగానే నరం ద్వారా కబురు పైకి వెళ్తుంది, హార్మోను రక్తంలో కిందికి దిగుతుంది, పాల తిత్తుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలు బిగుసుకుంటాయి, పాలు చన్నులోకి దూకుతాయి. అంతా ఒకటి రెండు నిమిషాల్లో.

మరి దూడ చచ్చిపోతే? మా వైపు మెట్ట ఊళ్లలో పంట ఏడాదికోసారి చేతికొస్తుంది, అదీ వానదేవుడు కరుణిస్తే. రోజూ చేతికొచ్చే డబ్బు పాలదే. తవుడు, పత్తిగింజల చెక్క పెట్టి మేపిన గేదె దూడ పోయిందని చేపకపోతే ఆ ఇంటికి ఎంత కష్టమో చూసినవాళ్లకి తెలుసు. పాతరోజుల్లో చచ్చిన దూడ తోలు ఒలిచి, లోపల గడ్డి కుక్కి, కర్రలు పెట్టి నిలబెట్టి, దాన్ని గేదె ముందు ఉంచి పితికేవాళ్లు. పాపం ఆ గేదె దాన్ని నాకుతూ చేపేది. కొన్ని ప్రాంతాల్లో అంతకన్నా ఘోరమైన పని ఒకటి ఉండేది. పశువు మర్మస్థానంలోకి గొట్టంతో గాలి ఊదడం. ఫూకా అంటారు. గర్భసంచి దారి సాగితే పిట్యూటరీ ఆ హార్మోను వదులుతుంది, పాలు దిగుతాయి. ఎందుకలా అవుతుందో ఊదేవాడికి తెలియదు, దిగుతాయని మాత్రం తెలుసు. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ దీన్ని నేరం చేసింది. తర్వాత 1982లో చేసిన సవరణలో పశువు ఆరోగ్యానికి హాని కలిగేలా పాలకోసం సూది మందు ఎక్కించడాన్ని కూడా అందులో చేర్చారు. అప్పటికే సూది వచ్చేసిందన్నమాట.

సూది ఎలా వచ్చిందో చూద్దాం. 1906లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త ఎద్దు పిట్యూటరీ గ్రంథి సారాన్ని చూలు పిల్లికి ఎక్కిస్తే దాని గర్భసంచి గట్టిగా బిగుసుకుంది. మూడేళ్లు తిరక్కుండానే, 1909లో, బ్లెయిర్ బెల్ అనే డాక్టరు దాన్ని పురుళ్లలో వాడడం మొదలుపెట్టారు. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు అదే సారాన్ని మేకకిచ్చి చూస్తే పాలు కారాయి. అంటే కాన్పు నొప్పులకీ పాల చేపుకీ ఒకే మందు. ఆక్సిటోసిన్ అన్న పేరుకి గ్రీకులో త్వరగా కనడం అని అర్థం. అప్పట్లో ఈ మందంతా కబేళాల్లో పశువుల తలల్లోంచి తీసిన గ్రంథులనించే వచ్చేది. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విగ్నో దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేసి చూపించారు. తొమ్మిది అమైనో ఆమ్లాలు పూసలదండలా గుచ్చితే అదే ఆక్సిటోసిన్. దానికి 1955లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఆ తర్వాతే మందు చౌకయింది. చౌకయింది కాబట్టే పాకలోకీ వచ్చింది.

మధ్యలో రెండు ప్రయోగాలు చెప్పకుండా ఉండలేను. 1941లో ఈలీ, పీటర్సన్ అనే వాళ్లు పాలు పితికే సమయంలో ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పక్కనే కాగితం సంచులు ఢాం ఢాం అని పేల్చారు. ఆవు చేపలేదు. దానికి అమెరికా దాకా వెళ్లాలా, మా ఊరి పాలేరుని అడిగినా చెప్పేవాడు అంటారా, నిజమే. రెండోది 1948లో. నైల్స్ న్యూటన్ అనే ఆవిడ తన ఒంటి మీదే చేసుకున్న ప్రయోగం. బిడ్డకి పాలిచ్చేటప్పుడు భర్త ఆవిడ కాళ్లు చన్నీళ్లలో ముంచడం, కష్టమైన లెక్కలు చెప్పమనడం, కాలివేళ్లు లాగడం చేశాడు. మామూలుగా 168 గ్రాముల పాలు తాగే బిడ్డకి ఆ గొడవలో 99 గ్రాములే దొరికాయి. అదే గొడవలో ఆక్సిటోసిన్ సూది వేస్తే మళ్లీ 153కి వచ్చాయి. అంటే పాలు ఉన్నాయి, చేపు రాలేదు, అంతే. పాలు పడట్లేదు, పాలు పడట్లేదు అని బాలింత నెత్తిన కూర్చునే చుట్టాలందరికీ ఈ లెక్క చూపించాలనిపిస్తుంది నాకు.

ఇందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. సూది పాలని పుట్టించదు. ఉన్న పాలని దించుతుంది. పాలు పుట్టాలంటే మేత కావాలి, నీళ్లు కావాలి. సూదితో గేదె రెట్టింపు పాలిస్తుందనుకోవడం ఆ సూది వేసేవాడి భ్రమ. రోజూ సూది అలవాటైన గేదె సూది లేకుండా చేపడం మానేస్తుంది. రోజుకి రెండు పూటలా పొడిపించుకునే ఆ నోరులేని జీవానికి నొప్పి, గర్భసంచి బాధలు అదనం. ఆ సూది తప్పే. తప్పు గేదె పట్ల.

ఇక మన పిల్ల సంగతి. ఆ పాలు తాగితే ఏమవుతుంది?

ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒక షుగర్ పేషెంటు ఉన్నారు కదా. మీ మామగారో అమ్మగారో ఇన్సులిన్ పొడుచుకుంటుంటే, ఇదెందుకు మాత్రగా రాదు అని ఎప్పుడైనా అనుకున్నారా? ఇన్సులిన్ కూడా అమైనో ఆమ్లాల దండే. మింగితే కడుపులో పప్పు అరిగినట్టు అరిగిపోతుంది. ఆక్సిటోసిన్‌దీ అదే గతి. పేగుల్లో ఉన్న జీర్ణరసాలు ఆ తొమ్మిది పూసల దండని తెంపేస్తాయి. తెగాక అవి ఉత్త పూసలే, మందు కాదు. అందుకే ఆస్పత్రిలో నొప్పుల మందుని ఎవరికీ తాగమని ఇవ్వరు. సెలైన్‌లో ఎక్కిస్తారు, లేదా తొడకి సూది వేస్తారు. రక్తంలోకి పోయినా దాని ఆయుష్షు కొద్ది నిమిషాలే. ఆ తర్వాత లివరూ కిడ్నీలూ దాన్ని శుభ్రం చేసేస్తాయి.

ఇదంతా పుస్తకాల్లో మాట, మన పాల సంగతేంటి అనే ప్రశ్న మన హైదరాబాద్‌లోనే తేల్చారు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పల్లెల్లో సూది వేసిన గేదెల పాలు, వేయని గేదెల పాలు తెచ్చి కొలిచారు. సూది వేసినందువల్ల పాలలో ఆక్సిటోసిన్ పెరగలేదని తేలింది. పాలలో సహజంగా కొంచెం ఎప్పుడూ ఉంటుంది, ఏ తల్లి పాలలోనైనా ఉంటుంది. తర్వాత వాళ్లు చూసింది నాకు ఇంకా నచ్చింది. మనందరం కాచితే పోతుందిలే అనుకుంటాం కదా. కాచినా అది పోదట! వేడికి తట్టుకుంటుంది. కానీ పేగులో జరిగే అరుగుదలని తట్టుకోలేదు. పెద్దవాళ్ల పేగులో ఎలా ఉంటుందో అలాగా, పాలు తాగే పసిబిడ్డ పేగులో ఎలా ఉంటుందో అలాగా, రెండు రకాలుగానూ అరుగుదల పరీక్ష పెట్టి చూశారు. రెండింటిలోనూ తొందరగానే విరిగిపోయింది. మనం అసలు అడుగుతున్న ప్రశ్న అదే కదా, పెద్దవాళ్లకి సరే, పిల్లలకో అని.

సరే, ఏ కొంచెమో రక్తంలోకి చేరిందనే అనుకుందాం. అయినా ఒక పిల్లని పెద్దమనిషిని చేయడం ఆక్సిటోసిన్ పని కాదు. హార్మోను తాళంచెవి లాంటిది, దానికి తాళం ఉన్నచోటే తిరుగుతుంది. నిండు గర్భిణి గర్భసంచిలో, పాలిచ్చే రొమ్ములో ఈ తాళాలు దండిగా ఉంటాయి. నెలలు నిండేకొద్దీ గర్భసంచిలో వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే మూడో నెలలో పెద్దగా లెక్కచేయని గర్భసంచి తొమ్మిదో నెలలో అదే మందుకి ఎగిరిపడుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల గర్భసంచి బొటనవేలంత ఉంటుంది, దానికి ఈ కబురుతో పనే లేదు. రజస్వల అవడానికి దారి వేరు. మెదడులో ఇంకో చోటనించి కబురు వచ్చి, పిట్యూటరీ వేరే రెండు హార్మోన్లు వదిలి, అండాశయం ఈస్ట్రోజెన్ తయారు చేస్తే రొమ్ములు పెరుగుతాయి, తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో నెలసరి వస్తుంది. ఆ వరసలో ఆక్సిటోసిన్ సూదికి పాత్ర లేదు. సొరకాయకి కూడా ఇదే సూది వేసి పెంచుతున్నారని ఒక ప్రచారం ఉంది. సొరకాయకి గర్భసంచీ లేదు, పొదుగూ లేదు, ఇంక నేనేం చెప్పను!

అయితే పిల్లలు తొందరగా పెద్దమనుషులవడం అబద్ధమా? కాదు, నిజమే. కానీ అది మన గేదెలతో మొదలవలేదు. నార్వే లాంటి దేశాల్లో పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆడపిల్లలకి పదహారు దాటాకే నెలసరి వచ్చేది. వందేళ్లు గడిచేసరికి అది పదమూడు దగ్గరికి దిగింది. ఆ దిగడం ఆక్సిటోసిన్ అనేదొకటుందని ఎవరికీ తెలియకముందే మొదలైంది. తిండి బాగుపడింది, రోగాలు తగ్గాయి, వయసు దిగింది. అమెరికాలో 1997లో 17,000 మందికి పైగా ఆడపిల్లలని చూసి రాసిన లెక్కలో తెల్లపిల్లలకి సగటున పదో ఏడు నిండేసరికి, నల్లపిల్లలకి తొమ్మిదో ఏడు నిండకముందే రొమ్ములు రావడం మొదలవుతోందని తేలింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది స్వీడన్ లెక్క. మన దేశంనించి చిన్నప్పుడే దత్తత వెళ్లి స్వీడన్‌లో పెరిగిన 107 మంది ఆడపిల్లల మీద అక్కడి డాక్టర్లు చేసిన పరిశీలన 1991లో వచ్చింది. వాళ్లలో సగం మంది పదకొండున్నర దాటేసరికే రజస్వలయ్యారు. ఇక్కడ ఉన్న పిల్లలకన్నా ముందే! వాళ్లు మన సూది గేదెల పాలు తాగలేదు. పస్తుల్లో పుట్టి ఒక్కసారిగా మంచి తిండిలోకి వెళ్లారు. ఒళ్లు ఒక్కసారిగా పుంజుకుంది, దాంతో గడియారమూ ముందుకి జరిగింది. దీనికి ఇంకో వైపు మన దగ్గరే ఉంది. 1979లో తార్నాక సంస్థ వాళ్లే హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలని చూసి, తిండి సరిగ్గా లేక గిడసబారిన పిల్లలు ఆలస్యంగా రజస్వలవుతున్నారని రాశారు. మన అమ్మమ్మలు పద్నాలుగూ పదిహేనూ దాటాక పెద్దమనుషులయ్యారని గొప్పగా చెప్పుకుంటాం. అందులో కొంత ఆకలి కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు.

ఇప్పటి పిల్లల సంగతి వేరే. వాళ్లకి ఆకలి లేదు, ఆట లేదు. కొవ్వు కణాలు కూడా మెదడుకి కబుర్లు పంపుతాయి, ఒంట్లో నిల్వ చాలినంత ఉంది, ఇక మొదలుపెట్టొచ్చు అని. చిప్స్ ప్యాకెట్టూ కూల్‌డ్రింకూ చేతికిచ్చి, సోఫాలో కూర్చోబెట్టి, నేరం మాత్రం గేదె మీద వేస్తున్నాం.

హార్మోన్ల భయం మొత్తానికే వట్టిదని నేననడం లేదు. ఈస్ట్రోజెన్ సంగతి వేరు. అది పూసల దండ కాదు, కొవ్వు జాతిది. దాంట్లో కొన్ని రకాలు మింగినా పని చేస్తాయి. గర్భనిరోధక మాత్రలు పని చేసేది అందుకే కదా. పైగా పెద్దదానికి ఏమీ అనిపించని పిసరు కూడా చిన్నపిల్లలో కనపడుతుంది, ఎందుకంటే వాళ్ల ఒంట్లో సొంతంగా ఉండే ఈస్ట్రోజెన్ బహు తక్కువ. నిండా ఉన్న బిందెలో చెంబెడు పోస్తే తెలియదు, ఎండిన గిన్నెలో పోస్తే తెలుస్తుంది. 1970ల చివర్లో ఇటలీలో మిలాన్ నగరంలోని ఒక బడిలో చిన్నపిల్లలకి, మగపిల్లలతో సహా, రొమ్ములు ఉబ్బాయి. బడి భోజనంలో మాంసం మీద అనుమానం వచ్చింది కానీ రుజువు దొరకలేదు. ఆ తర్వాత అక్కడి పసిపిల్లల డబ్బా ఆహారంలో వాడిన దూడమాంసంలో కృత్రిమ ఈస్ట్రోజెన్ బయటపడి పెద్ద గొడవైంది. 1981లో యూరప్ దేశాలు అలాంటి మందులని పశువులకి వాడకుండా నిషేధించాయి. కాబట్టి ఇంట్లో హార్మోను క్రీములు, మాత్రలు ఉంటే పిల్లల చేతికి అందకుండా పెట్టండి. ఎనిమిదేళ్లు నిండకుండా రొమ్ములు మొదలైనా, పదేళ్లలోపు నెలసరి వచ్చినా చిమ్మిలి దంచడానికి ముందు పిల్లల డాక్టరుకి చూపించండి. అవసరమైతే ఆపడానికి మందులున్నాయి.

పుట్టిన బిడ్డకి, ఆడైనా మగైనా, రొమ్ము కాస్త ఉబ్బి పాలలాంటివి రావడం కూడా ఈ కోవలోదే. ఆడబిడ్డకైతే రెండు చుక్కల రక్తం కూడా కనిపించవచ్చు. తల్లి కడుపులో ఉండగా అందిన ఈస్ట్రోజెన్ పుట్టాక ఆగిపోవడం వల్ల వస్తుంది, కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పిండకూడదు. పిండితే చీము పట్టిన బిడ్డలున్నారు. మన పెద్దవాళ్లు నూనె పెట్టి పిండమంటారు చూడండి, అక్కడ మాత్రం వాళ్ల మాట వినొద్దు.

ఇంతకీ ఈ పాల భయం ఎంత దూరం వెళ్లిందో తెలుసా? సుప్రీంకోర్టు దాకా. పాడి పశువులకి, కూరగాయలకి ఈ మందు దుర్వినియోగం అవుతోందని 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఆందోళన పడింది. ఆ తర్వాత 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలేవీ దేశంలో అమ్మకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. బెంగళూరులో ఉన్న ఒక్క ప్రభుత్వ సంస్థే దేశం మొత్తానికీ చేయాలి. గేదెల కోసం చేసిన ఈ ఏర్పాటు ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. పురిటి గదిలో ఉన్న ఆడదాని మీద!

ఎందుకంటే బిడ్డ బయటపడి మాయ ఊడినప్పుడు అది అంటుకుని ఉన్న చోట రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం పారుతుంటుంది. గర్భసంచి గట్టిగా బిగుసుకుంటేనే ఆ నోళ్లు మూసుకుంటాయి. బిగుసుకోకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. ప్రపంచంలో కాన్పు చావులకి ముఖ్య కారణాల్లో మొదట చెప్పేది ఈ రక్తస్రావమే. దీన్ని ఆపడానికి ప్రతి కాన్పులోనూ బిడ్డ పుట్టగానే పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001–03లో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి మన రాష్ట్రంలో అది 45. ఆస్పత్రి కాన్పులు, రక్తం, అంబులెన్సు, ఎన్నో కారణాలున్నాయి, ఈ చిన్న గాజు ఆంపూల్ కూడా వాటిలో ఒకటి.

మందుల విషయంలో పనిచేసే ఆలిండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్, కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. 2018 డిసెంబరు 14న జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ చావ్లా ఆ ఉత్తర్వుని కొట్టేశారు. పాల వల్ల మనుషులకి హాని జరుగుతుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదనీ, మందు కొరత వస్తే తల్లుల ప్రాణాలకేమవుతుందో ప్రభుత్వం ఆలోచించలేదనీ అన్నారు. కేంద్రం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2019లో అది పెద్ద ధర్మాసనానికి పంపబడింది.

ఆ మందే ప్రమాదమయ్యే వేళ కూడా పురిటి గదిలోనే ఉంది. బిడ్డ పుట్టాక ప్రాణం నిలిపే ఆ సూదిని బిడ్డ పుట్టకముందు, తొందరగా కావాలని కండకి పొడిస్తే గర్భసంచి ఊపిరి తీయకుండా బిగుసుకుంటుంది. బిడ్డకి రక్తం అందదు. గర్భసంచి చిట్లిపోవచ్చు కూడా. ఉత్తరాది పల్లెల్లో ఇళ్ల దగ్గర చదువులేని వైద్యులు ఇలా సూదులు వేయడం గురించి చాలామంది రాశారు. నొప్పులు రావడానికి ఇచ్చేటప్పుడు దాన్ని సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె వింటూ, అవసరమైతే ఆపరేషన్ చేయగల చోటే ఇవ్వాలి. మీ ఇంట్లో కాన్పు ఉంటే, ఎవరైనా ఇంటికొచ్చి నొప్పుల సూది వేస్తానంటే వద్దనండి. ఆస్పత్రిలో బిడ్డ పుట్టగానే తొడకి సూది వేస్తుంటే మాత్రం ఎందుకని అడ్డుపడకండి. ఆ మందు రెండు నించి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీస్తున్నారా, ఎండ పడే బల్ల మీదనించి తీస్తున్నారా అని పక్కనున్న ఆడవాళ్లు ఒక కన్నేస్తే ఇంకా మంచిది.